నల్ల తెర అవతల

"ఫోను ఇటివ్వు."

"దేనికండీ?"

"ఇవ్వమంటే ఇవ్వు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే గబుక్కున ఏదో నొక్కావు. ఏంటది?"

భార్య ఫోను వీపు వెనక్కి పెట్టుకుంది. గేట్లకు, కిటికీలకు వెల్డింగు చేసే మనిషి అతను. కొలతల టేపు మరిచిపోయి పని మధ్యలో ఇంటికొచ్చాడు. మరిచిపోవడమే మేలయిందనుకుని, చెయ్యి చాచి ఫోను లాక్కున్నాడు.

తెరంతా నల్లగా ఉంది. బొమ్మ లేదు, రంగు లేదు. ఓ మూల తెల్లటి గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది.

"ఎవడితో మాట్లాడుతున్నావ్?"

"ఎవరితోనూ కాదు. పైథాన్ నేర్చుకుంటున్నా. ఈ యాప్‌లో రాస్తారు."

"పైథాన్ అంటే కొండచిలువ. ఆమాత్రం నాకూ తెలుసు. కొండచిలువతో సంసారి ఆడదానికి పనేంటి?"

"కంప్యూటరు భాష అది. పేరు అలా పెట్టారు, నేనేం చెయ్యను? ఈ నల్లదాన్ని షెల్ అంటారు. ఇక్కడ మనం ఓ మాట రాస్తే ఫోను ఆ పని చేసిపెడుతుంది. అంతే."

"ఇంట్లో నేను నోరు నొప్పెట్టేలా అరిచినా ఏ పనీ జరగదు. దీనికి రాస్తే జరుగుతుందా?"

నిప్పురవ్వలకు మచ్చలు పడ్డ వేలితో తడుముకుంటూ 'ఎవడ్రా నువ్వు' అని రాసి నొక్కాడు. కింద టక్కున ఇంగ్లీషులో ఓ వరస వచ్చింది. చివర్న 'నాట్ ఫౌండ్' అని ఉంది. ఆ రెండు ముక్కల ఇంగ్లీషు అతనికొచ్చు.

"దొరకడట! ఎంత పొగరు చూడు! మొగుడు అడుగుతుంటే నేను దొరకను పొమ్మంటున్నాడు!"

"అయ్యో, అది మనిషి కాదండీ. మీరు రాసింది దానికి అర్థం కాలేదు."

"నాకు బాగా అర్థమైంది. దీన్ని తమ్ముడి కొట్టుకు తీసుకెళ్తున్నా. అవతల మగాడున్నాడని తేలిందా, సాయంత్రానికి నీ పెట్టె సర్దుకుని మీ అన్న ఇంటికి నడువు."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మీరు మెసేజ్ పెట్టిన ప్రతిసారీ జవాబు ఇవ్వడం లేదూ? ఎన్నడైనా ఆలస్యం చేశానా? ఇంకా ఈ అనుమానం ఏంటి?"

"ఆ ఒక్కటీ చేస్తున్నావు కాబట్టే ఇన్నాళ్లు ఊరుకున్నా."

"పోనీ తీసుకెళ్లండి. దాంట్లో మాత్రం ఏమీ కదపకండి."

"ఇప్పుడు బయటపడింది, గుమ్మడికాయ దొంగ!" అన్నాడు. అతని మటుకు అతనికి తీర్పు అయిపోయినట్టే.

తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"అన్నా, వదిన చదువుకుంటోంది. నీకెందుకు కడుపుమంట?"

"చదువుకునేది నేను రాగానే ఎందుకు ఆపేసింది? నిప్పు లేకుండా పొగ వస్తుందా?"

"ఇంట్లో పొగ ఎప్పుడూ నీదేగా! ఇటు చూడు. ఈ పైకి చూపే బాణం నొక్కితే అంతకుముందు రాసిన మాట మళ్లీ వస్తుంది. ఇదిగో, నీ 'ఎవడ్రా నువ్వు' వచ్చింది. దాని వెనక ఇది. దాని వెనక మళ్లీ ఇదే. ఎంత వెనక్కి పోయినా ఇదే. రోజూ తను రాసుకున్న ప్రోగ్రామేదో నడుపుకుంటోంది."

"అయితే నడుపు. చూద్దాం."

తమ్ముడు నొక్కాడు. ఇద్దరూ తెర మీదికి వంగారు. ఏ మాటా రాలేదు. గీత మాత్రం మిణుకుమిణుకుమంటోంది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. దేనికోసమో కాచుక్కూర్చుంది. పిల్లలు లెక్కలు చేసుకున్నట్టు వదిన ఏదో చేసుకుంటోంది పాపం. అవతల మగాడూ లేడు, ఆడదీ లేదు. నా మీద ఒట్టు. ఇక వెళ్లు, నాకు గిరాకీ ఉంది."

వెల్డరు ఆ ఫోనును అలాగే చొక్కా జేబులో వేసుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"నిజం చెప్పొద్దూ తమ్ముడూ, చెడ్డది కాదు మీ వదిన. ఇంట్లో ఉంటే ముఖం ముడుచుకుని ఉంటుంది గానీ, మెసేజ్ పెడితే వేరే మనిషి. కూర తిప్పుతూ జవాబిస్తుంది, ఇల్లు ఊడుస్తూ జవాబిస్తుంది. చివర్న 'మీరు తిన్నారా' అని అడగందే వదలదు. నన్ను కన్నవాళ్లు కూడా అడగలేదు ఆ మాట."

"మరి అలాంటిదాన్నా పెట్టె సర్దుకోమన్నావు?"

వెల్డరు వీధిలోకి వచ్చాడు. గుండె మీది నుంచి ఇనుప దూలం ఎవరో దించినట్టుంది. ఎదురుగా వచ్చిన కుక్కను కూడా అదిలించలేదు. తప్పయిందని ఇంటికెళ్లి నోటితో చెప్పడం తనవల్ల కాదు. మెసేజ్ అయితే నయం. తన ఫోను తీశాడు. 'తప్పు' దాకా కొట్టి, చెరిపేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరికీ రాసినవాడు కాదు. చివరికి రోజూ పెట్టేదే పెట్టాడు.

"ఎక్కడున్నావ్? ఏం చేస్తున్నావ్?"

చొక్కా జేబులో ఆమె ఫోను జుయ్యిమంది. ఉలిక్కిపడి, నెత్తి కొట్టుకుని తనలో తనే నవ్వుకున్నాడు. ఫోను తన దగ్గర పెట్టుకుని ఆమెకు మెసేజ్ పెట్టడమేంటి, మతి లేకపోతే సరి!

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే, చేతిలో ఉన్న తన ఫోను మోగింది.

"ఇంట్లోనే ఉన్నానండీ. బట్టలు ఆరేస్తున్నా. మీరు తిన్నారా?"