పొడుగు పగటి పండుగ

మా సిరిసిల్లలో జూన్ ఎండకు జనం మాడి చస్తుంటే, మగ్గాల మీద పుస్తకం రాయడానికి విదేశం నుంచి వచ్చిన మార్టిన్, అతని భార్య సూర్యుడికి పండుగ చేస్తామన్నారు. ఏడాది మొత్తంలో అదే పొడుగు పగలట. పొద్దు గుంకాక గుట్ట మీద మంట చుట్టూ చేతులు పట్టుకుని పాడాలట, ఆ తర్వాత మంట దూకాలట. నన్నూ రమ్మన్నారు.

"గా గుట్ట మీదనే గద నీ తమ్ముణ్ని పోలీసులు కాల్చింది? శవాన్ని సూడ రమ్మంటే గప్పుడు పోకపోతివి," అంది నా భార్య వజ్రమ్మ.

"బట్ట నెయ్యుమని సాంచె అప్పజెప్తే సగం వేలు తెగ్గోసుకున్నడు, ఎన్కసీరి అడవిల అన్నల్ల కలిసిండు. గసోంటోని కోసం నేనెందుకు పోవాలె?" అన్నాను.

గుట్ట మీద మేం ముగ్గురమే. నా ఎడమచేయి మార్టిన్ భార్య, కుడిచేయి మార్టిన్ పట్టుకున్నారు. తిన్నది అరగక వేసే ఆ వేషాలు చూడలేక కళ్లు మూసుకున్నాను.

పాట ఆగింది. ఆమె నా చేయి వదిలి చప్పట్లు కొట్టింది. కళ్లు తెరిచాను. మంట దూకిన మార్టిన్ అవతల నిలబడి, రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్నాడు.

నా కుడిచేయిని ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు.

అటు తిరిగే ధైర్యం లేక, ఆ వేళ్లను తడిమి లెక్కపెట్టాను. నాలుగున్నర ఉన్నాయి.