నలుగురికీ కనబడే పక్క

నల్లరంగు డబ్బా మళ్లీ అడుగంటింది.

రామలింగం దాన్ని తలకిందులు చేసి చూశాడు. ఒక్క చుక్క రాలలేదు.

"నెలకు రావల్సిన రంగు. పది దినాలకే ఏం చేసినవ్ కట్టయ్యా, తాగినవా?"

వరంగల్ స్టేషన్ పార్సిల్ ఆఫీసు ముందు, జంపఖానాలు కట్టిన గోనె బేలు మీద వంగి రాస్తున్న ముసలాయన కుంచె ఆపలేదు.

"పెద్దక్షరాలు సేటూ. అవ్వే తాగుతయి."

"చేరే ఊరు పేరు రాస్తె అయిపాయె. నా పేరెందుకు, నా గల్లీ ఎందుకు? తెలుగుల ఒకపారి, హిందీల ఒకపారి, ఉర్దూల ఒకపారి. ఇది బేలా, సీన్మా గోడనా?"

"తీరుతీరోళ్లు సదువుతరు."

"సదివేది పార్సిల్ బాబు ఒక్కడే."

కట్టయ్య ఇంకో అక్షరం మొదలుపెట్టాడు. స్టేషన్‌కొచ్చే బేళ్ల మీద పేర్లు రాసి బతికే మనిషి. ఎక్కడుంటాడో, ఎవరున్నారో రామలింగం ఎప్పుడూ అడగలేదు. అడిగే తీరిక లేదు.

మట్టెవాడలో అతని దుకాణం నిండా జంపఖానాలే. దొంతరలు కప్పుకు తగిలాయి. కొత్తవాడలో ఇరవై మగ్గాలు అతనికే నేస్తాయి. తీసుకునేది మాత్రం సికింద్రాబాద్‌లో ఒక్కడు, వారానికి రెండు బేళ్లు.

"దసరా దాక చూస్త," అని నేసేవాళ్లకు చెప్పేశాడు. "పైఊర్ల నుంచి ఆర్డర్లు రాకుంటె నూలియ్య. ముందుగాల నీ మగ్గమే బంద్, సారలమ్మా. అందరికంటె మెల్లగ నేసేది నువ్వే."

సారలమ్మ నూలు మూట నెత్తికెత్తుకుంది.

"ఆర్డర్లు అస్తయి సేటూ."

"కల పడ్డదా?"

ఆమె నవ్వి గడప దిగింది.

అంతకు ముందే హైదరాబాద్ నుంచి సంచి తగిలించుకుని ఒకాయన వచ్చి పోయాడు. టోకు వ్యాపారుల అడ్రసులన్నీ కలిపి ఒక బుక్కు వేస్తున్నారట. ఊరూరా పెద్ద దుకాణాలకు పోతుందట. రామలింగం అందులో అరపేజీ అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చాడు.

ఆ రోజు నుంచి కూర్చుంటే లేచేవాడు. లేస్తే గల్లీ మొగ దాకా నడిచేవాడు. సైకిల్ గంట వినబడితే చాలు, గద్దె దిగి చెప్పుల కోసం కాళ్లతో వెతికేవాడు. పోస్ట్‌మన్ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు.

చివరికి మంచిర్యాల నుంచి ఒక కార్డు వచ్చింది. టెంట్ హౌస్ వాళ్లు, నలభై జంపఖానాలు కావాలన్నారు. తర్వాత ఖమ్మం. ఆపైన బల్లార్షా.

"చూసినవా, బుక్కు మహిమ," అన్నాడు సారలమ్మతో.

"ఏ మహిమయితేంది సేటూ, నూలియ్యుండ్లి."

బేళ్లు పెరిగాయి. కట్టయ్య చెయ్యి మాత్రం పెరగలేదు. ఒక్కో బేలుకు అరగంట. అటు బండి కూత పెడుతుంటే ఇటు అక్షరానికి తోక తీర్చేవాడు. రామలింగానికి ఒళ్లు మండింది. ఊళ్ల పేర్లు కోసిన రేకులు చేయించి తెచ్చాడు. రేకు ఆనించి రంగు పూస్తే, నిమిషంలో అచ్చు.

"ఇగ నువ్వు రాయొద్దు కట్టయ్యా."

"రేకు మీద మీ పేరు లేదు సేటూ."

"పేరుతోని పనేంది? ఊరూరికి బుక్కు చెప్తాంది గద."

కట్టయ్య కుంచెను ధోవతికి తుడుచుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

"హమాలోళ్లను బేళ్లు జర రాత పక్క జనం దిక్కు పెట్టుమనుండ్లి సేటూ. గోడ దిక్కు కాదు."

"సరె సరె," అన్నాడు రామలింగం. అప్పటికే అతను పార్సిల్ కిటికీ దగ్గరున్నాడు.

తర్వాత రెండు నెలలు ఒక్క కార్డు రాలేదు.

దసరా వచ్చింది, పోయింది. అన్నమాట ప్రకారం సారలమ్మకు నూలు ఆపేశాడు. ఆమె గడపలో కాసేపు ఉత్తచేతులతో నిలబడి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే మంచిర్యాల టెంట్ హౌస్ సారంగపాణి ఏదో పని మీద వరంగల్ వచ్చి, దుకాణంలోకి తొంగి చూశాడు.

రామలింగం చాయ్ చెప్పాడు. అది రాకముందే అడిగేశాడు.

"మా అడ్వర్టైజ్‌మెంట్ ఏ పేజీల చూసిండ్లు సేటూ?"

"ఏం పేజీ?"

"బుక్కుల."

"బుక్కెక్కడిది? అప్పుడొకపారి మీ స్టేషన్ల రైలు నాలుగ్గంటలు లేటు. బేలు మీద కూసున్న. ఒక ముసలాయన వచ్చి, 'జర అటు జరుగుండ్లి, పేరు మీద కూసున్నరు' అన్నడు. ఏం దందా అనడిగిండు. షామియానాలు అన్న. 'అయితె మీకు జంపఖానాలు కావాలె' అని నా సిగరెట్ పెట్టె మీద మీ అడ్రసు రాసిచ్చిండు. కుంచెతోని. పెట్టె పెట్టంత నల్లగయింది."

సారంగపాణి నవ్వాడు. రామలింగం నవ్వలేదు.

మంచిర్యాల, ఖమ్మం, బల్లార్షా. అన్నీ ఆ పట్టాల మీది ఊళ్లే. ఆ బుక్కు తనకే ఇంకా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

రిక్షా కోసం ఆగలేదు. నడిచే స్టేషన్‌కు పోయాడు.

ప్లాట్‌ఫారం మీద అతని బేళ్లు మూడు, రాత పక్క గోడకు ఆని ఉన్నాయి.

"కట్టయ్య ఏడి?" అని హమాలీ రాయమల్లును అడిగాడు.

"ఆయన చచ్చిపోయి ఇరవై దినాలాయె సేటూ. దవాఖానల. మీకు తెలుసనుకున్న."

రామలింగం ఒక బేలును తానే పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. రాయమల్లు వచ్చి చెయ్యి వేశాడు.

"గిట్లనే తిప్పేటోడు ఆయన గూడ. ఒక్క మీ బేళ్లనే."

"నావే ఎందుకు?"

రాయమల్లు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"మోకాళ్లు పట్టుకపోక ముందు ఆయన గూడ కొత్తవాడల నేసినోడే సేటూ. ఇప్పుడు ఆ మగ్గం మీద కూసునేది ఆయన బిడ్డ సారలమ్మ."