వాటాదారు

ముసలాయన మళ్ళీ కంచె దాటి వచ్చేసరికి డ్రిల్లరుకు ఒళ్ళు మండింది.

"వచ్చాడండీ మన వాటాదారు," అని జియాలజిస్టును కేకేశాడు.

ఆ పేరు డ్రిల్లరు పెట్టిందే. మొదటిసారి వచ్చినప్పుడు ముసలాయన రిగ్గు దగ్గర నిలబడి, "నా బంగారం తగిలిందా బాబూ?" అని అడిగాడట. కంపెనీ బంగారం కాదు, గవర్నమెంటు బంగారం కాదు, నా బంగారం. ఆ రోజు క్యాంపంతా అన్నం తింటున్నంతసేపూ అదే చెప్పుకుని నవ్వింది.

జియాలజిస్టుకు మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆ చిన్న గుట్ట మీద బంగారం వెతకడానికి ఆమెకు మిగిలింది ఈ ఒక్క బోరే. పైన తెల్లరాతి చార కళ్ళు చెదిరేలా ఉంది, అందులో చిటికెడు బంగారం కూడా కనిపించింది. కిందికి దిగేకొద్దీ చార సన్నబడిపోతోంది. ముందు వేసిన బోర్లన్నీ వట్టివే. ఇందులోనూ ఏమీ రాకపోతే క్యాంపు ఎత్తెయ్యమని పెద్దసారు చెప్పేశాడు.

ఆమె ముసలాయన్ని పక్కకు పిలిచి, ఇక్కడికి బయటివాళ్ళు రాకూడదని మెత్తగానే చెప్పింది. ఆయన తల ఊపాడు గానీ కదల్లేదు. బోరులోంచి తీసి పెట్టెల్లో వరసగా పేర్చిన రాతి కడ్డీలను చూడనైనా చూడలేదు. బోరు నోటినే చూస్తున్నాడు.

ఎంత లోతుకు వెళ్ళారని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు.

"ఇంకాస్త దిగితే తగులుతుందమ్మా. తగిలితే నాకు చెప్పకుండా మాత్రం మూసెయ్యకండి."

పిచ్చివాళ్ళతో వాదన ఎందుకని ఆమె సరే అంది.

"మాటేనా?"

"మాటే తాతగారూ. మీకు చెప్పే మూస్తాం."

ఆయన వెనుదిరిగి వెళ్ళిపోయాడు. గుట్ట తన పేరున రిజిస్ట్రేషను అయిపోయినట్టే నడుస్తున్నాడని డ్రిల్లరు వెనకనుంచి జోకేశాడు.

మర్నాడు మధ్యాహ్నం రిగ్గు చప్పుడు మారింది. గొట్టాలు ఒక్కసారిగా కిందికి జారాయి. బోరులోకి పంపిన నీళ్ళు పైకి తిరిగి రావడం మానేశాయి. గొట్టాలు పైకి తీసి చూస్తే లోపల రాయి లేదు, పుచ్చిన కర్రముక్క ఉంది.

"ఏదో పాత తవ్వకమండీ. ఖాళీలో పడ్డాం," అన్నాడు డ్రిల్లరు నుదురు కొట్టుకుంటూ.

మ్యాపులో అక్కడ గని లేదు. ఎప్పుడో ఎవరో చాటుగా తవ్వుకుని, ఉన్నదంతా ఊడ్చుకుపోయారన్నమాట. జియాలజిస్టుకు ఏడుపొచ్చింది. పెద్దసారుకు ఫోన్ చేసింది. ఆయన పెద్దగా బాధపడలేదు. ఖాళీలో బంగారం ఉండదు కదా, వెంటనే సిమెంటు పోసి మూసేసి రిగ్గు దించెయ్యమన్నాడు.

ముసలాయనకు ఇచ్చిన మాట గుర్తు రాకపోలేదు. ఆయన ఇల్లెక్కడో తెలీదు. అయినా బంగారం తగిలితే కదా చెప్పాలి, తగిలింది ఖాళీ. అలా తనకు తానే సర్దిచెప్పుకుంది. సిమెంటు ఎంత పోసినా ఆ బోరు తాగుతూనే పోయింది.

తెల్లారి ముసలాయన వచ్చేసరికి రిగ్గు లారీ ఎక్కుతోంది. ఆయన బోరు నోటి మీద గట్టిపడిన సిమెంటును వేలితో రుద్ది చూశాడు.

"తగిలిందా?"

"లేదు తాతగారూ. ఖాళీ తగిలింది. లోపలంతా గుల్ల."

ఆయన అక్కడే కూలబడ్డాడు. సిమెంటు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తడుతూ ఉండిపోయాడు.

కాసేపటికి ఆయన కూతురు వెతుక్కుంటూ వచ్చింది. కుట్టుమిషను దగ్గరనుంచి లేచి వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. నాన్న విసిగించి ఉంటే ఏమీ అనుకోవద్దంది. ఇక్కడ బంగారం ఉందని ఆయనకు ఎవరు చెప్పారని జియాలజిస్టు అడిగింది.

కూతురు తెల్లబోయింది.

"బంగారం మా అన్నయ్యండీ. ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఇక్కడి దొంగగనిలో పనికి వెళ్ళి, పైకప్పు కూలితే లోపలే ఉండిపోయాడు. మీ బోరు ఆ ఖాళీకి తగిలితే చాలు, పైనుంచి ఒక్కసారి పిలుచుకుంటానని నాన్న ఆశ."

జియాలజిస్టు డ్రిల్లరు దగ్గరికి పరుగెత్తింది. మళ్ళీ తొలవచ్చా అని అడిగింది. అతను ఆమె మొహం చూడలేకపోయాడు. తొలిచినా అక్కడ ఇప్పుడు ఖాళీ లేదు, మనం పోసిందంతా అందులోకే వెళ్ళిందన్నాడు. పెద్దసారుకు ఫోన్ చేస్తే, మ్యాపులో లేని గనికి నేనేం చెయ్యగలనన్నాడు. అదీ నిజమే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

తిరిగి వచ్చి ముసలాయన పక్కన కూర్చుంది.

"నాకు తెలీదు తాతగారూ. పైవాళ్ళు మూసెయ్యమన్నారు."

ఆ మాట తన చెవులకే అసహ్యంగా వినిపించింది.

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నాకూ అలాగే చెప్పారమ్మా. అందరూ బయటికొచ్చేశారు, ఇక మూసెయ్ అన్నారు."

ఆనాడు ఆ గని నోటికి అడ్డంగా గోడ కట్టిన మేస్త్రీ ఆయనే.