పచ్చ టిక్కుల కారు

“ఈ కారు కొనకండమ్మా.”

వెనక నుంచి మాట వినబడేసరికి కోడలు ఉలిక్కిపడింది. పాత కార్లు అమ్మే ఆ షెడ్డులో, బూడిదరంగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నీలం కారు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

శుభమా అని కారు కొనుక్కోవడానికి వస్తే ఇదేం అపశకునమని ఆమెకు ఒళ్లు మండింది.

ఎన్ని షెడ్లు తిరిగితే దొరికింది ఈ కారు! పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మావగారు చక్రాల కుర్చీ దాటలేదు. నది వంతెన అవతల ఉన్న చెల్లెలిని చూడాలని ఆయన కోరిక. ఆవిడకూ మోకాళ్ల నొప్పులు, కదల్లేదు. అన్నాచెల్లెళ్లిద్దరూ రోజూ ఫోన్లోనే పోట్లాడుకుని, ఫోన్లోనే కళ్లు తుడుచుకుంటున్నారు.

ఈ నీలం కారు తలుపు వెడల్పు. సీటు సరిగ్గా కుర్చీ ఎత్తులో ఉంది. కాస్త పక్కకు జరిగితే చాలు, మావగారు కారులో ఉంటారు. కోడలు బట్టలు కుట్టే మనిషి కదా, సంచిలోంచి టేపు తీసి మరీ కొలుచుకుంది.

“ఎందుకు కొనకూడదండీ?”

“ఇది దెబ్బ తిన్న బండి.”

ఆమె ఫోన్ తీసి ఆయన మొహం ముందు పెట్టింది.

“ఇదిగో, హిస్టరీ రిపోర్టు. యాక్సిడెంట్ లేదు, వరదలో మునగలేదు, మీటర్ తిప్పలేదు. అన్నీ పచ్చ టిక్కులే!”

“ఎవరో ఒకరు చెబితేనే అది అందులోకి ఎక్కుతుందమ్మా. చెప్పకుండా దాచేస్తే దానికెలా తెలుస్తుంది? కొనేముందు బండిని పైకెత్తించి, మెకానిక్‌తో అడుగున చూపించండి.”

“అంత గట్టిగా చెబుతున్నారు, అసలు మీరెవరు?”

ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

“ఆయన మాటలు పట్టించుకోకండి మేడమ్,” అన్నాడు సేల్స్‌మన్. “మిమ్మల్ని బెదరగొట్టి తను కొట్టేద్దామని చూసే రకం.”

అదీ నిజమేననిపించింది. రేపు పొద్దున్నే వస్తానని చెప్పి ఆమె ఇంటికి వెళ్లింది.

మర్నాడు వచ్చేసరికి నీలం కారు ఉండాల్సిన చోట ఖాళీ నేల ఉంది.

“ఇందాకే అమ్ముడైపోయింది మేడమ్. ఆ టోపీ ఆయనే. మీకన్నా ఎక్కువిచ్చాడు.”

కోడలు అగ్గి మీద గుగ్గిలమైపోయింది. గేటు దగ్గర కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటున్న ఆయనకు ఎదురెళ్లింది.

“నన్ను కొనొద్దని చెప్పి మీరు కొనేసుకుంటారా? నోటి దగ్గర ముద్ద లాక్కున్నారు కదండీ! మీకు మనసెలా ఒప్పింది?”

“అనండమ్మా, పడతాను,” అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. “ఇంకో కారు చూసుకోండి. అడుగున చూపించడం మాత్రం మర్చిపోకండి.”

ఇంకా సలహాలు కూడానా! దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఇంటికి చేరింది.

మావగారు ఆమె మొహం చూసి సంగతి గ్రహించేశారు.

“పోనీలే అమ్మాయ్. ఇన్నాళ్లూ ఇంట్లో బీరువాలా పడున్నాను. ఇంకొన్నాళ్లు పడుంటే చెదలు పట్టవులే.”

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వెతగ్గా వెతగ్గా తెల్ల కారు ఒకటి దొరికింది. దానికీ రిపోర్టులో అన్నీ పచ్చ టిక్కులే.

“రిపోర్టు సరేనండీ. ముందు పైకెత్తించి చూపించండి,” అంది కోడలు. అనేశాక అవి ఎవరి మాటలో గుర్తొచ్చి మూతి ముడుచుకుంది.

దగ్గర్లోని గ్యారేజీలో మెకానిక్ కారును పైకెత్తి, లైటు వేసి మూలమూలా చూశాడు. “నిశ్చింతగా తీసుకోండమ్మా,” అన్నాడు.

చెల్లెలి ఇంటికి బయల్దేరిన రోజు, టైర్లలో గాలి కోసం అదే గ్యారేజీ దగ్గర ఆగారు. మావగారు కొత్త చొక్కా వేసుకుని ముందు సీట్లో దర్జాగా కూర్చున్నారు. దారిలో కనిపించిన ప్రతి బోర్డునూ పైకి చదువుతూనే వచ్చారు.

గ్యారేజీ వెనక తుక్కు కుప్పలో నీలం రంగు తలుపు ఒకటి కోడలి కంటబడింది. ఆ వెడల్పు ఆమె మర్చిపోగలదా?

“ఈ బండి... ఇలా అయిపోయిందేమిటి?”

“కోసేశామమ్మా. రెండు బండ్ల ముక్కలు కలిపి అతికించిన బండి అది. ఎయిర్‌బ్యాగ్ మూత కింద గుడ్డపేలికలు కుక్కారు. ఏదైనా గుద్దుకుందంటే ముందు సీట్లో మనిషి మిగలడు.”

కోడలు తెల్ల కారు ముందు సీటు వైపు చూడకుండా ఉండలేకపోయింది.

“అయ్యో! ఆ టోపీ ఆయన్ని ఎంత మోసం చేశారు!”

“మోసపోలేదు, తెలిసే కొన్నాడు. ఇక్కడే నిలబడి, ఒక్క ముక్క కూడా మళ్లీ రోడ్డెక్కకుండా దగ్గరుండి కోయించాడు. ఆ మర్నాడే ఊరొదిలి వెళ్లిపోయాడు.”

నోటికొచ్చిన మాటలన్నీ అనేసింది ఆయన్ని. ఒక్క దణ్ణం పెట్టుకుందామన్నా ఇప్పుడు మనిషి లేడు.

“అమ్మాయ్, రావా!” కారులోంచి మావగారు కేకేశారు. “లేటైతే మా చెల్లెలు నన్ను గుమ్మంలోనే తిడుతుంది!”

“వస్తున్నా మావయ్యా!” అని, మెకానిక్ వైపు తిరిగింది. “చెప్పు బాబూ, తెలిసి తెలిసి అలాంటి బండి ఎవరు కొంటారు? ఎవరాయన?”

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు.

“ఆ బండిని గుద్దేసి, ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకుండా గుట్టుగా అతికించి, ఏమీ ఎరగనట్టు అమ్మేసిన మొదటి ఓనరేనమ్మా ఆయన.”