బుధవారం డబ్బా

కూతురు సుహాసిని పేరు లిస్టులోంచి తీసేస్తారేమోనని. సౌందర్యకు అన్నిటికన్నా పెద్ద భయం అదే.

అందుకే శనివారం పొద్దున ఆశా కార్యకర్త యమునక్క ఫోన్ చేసి, "పిల్లను తీస్కొని జల్ది వనపర్తికి పో, పరిశోధన డాక్టరు రమ్మంటుండు" అనగానే ఆమె నోట వచ్చిన మొదటి మాట, "పేరు తీసేస్తుండ్రా అక్కా?"

"పేరు గాదే, రిపోర్టు మంచిగ లేదంట. ముందుగాల నువ్వు పో."

పాన్‌గల్ దిక్కు ఊర్లల్లో రెండేళ్ల పిల్లలు ఏం తింటున్నారు, ఆ తిండితో వాళ్ల పేగులు ఎట్లున్నాయి, రోగాన్ని తట్టుకునే బలం ఎంతుంది అని పరిశోధన డాక్టర్లు ఏడాదిగా చూస్తున్నారు. వాడకు ఒక్క పిల్ల. చీటీ తీస్తే సుహాసిని పేరు వచ్చింది. పిల్ల తిన్నదల్లా తల్లి పుస్తకంలో రాయాలి. నెలకోసారి, బుధవారం, పిల్ల దొడ్డికి పోయినదాంట్లో కొంచెం చిన్న డబ్బాలో పెట్టి యమునక్క చేతికి ఇవ్వాలి. బదులుగా నెలనెలా డాక్టరు చూస్తాడు, మందులు ఊరికే ఇస్తారు. రెండు డబ్బాలు తప్పితే మాత్రం పేరు కొట్టేస్తారు. పోయిన నెల అందరూ బీచుపల్లి గుడికి పోయినందుకు ఒకటి తప్పనే తప్పింది.

పోయినేడు నిమోనియా వచ్చి పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడ్డ తొమ్మిది రోజులు సౌందర్యకు ఇంకా కళ్లల్లోనే ఉన్నాయి. లిస్టులో చేరినప్పటి నుంచి మళ్లీ జ్వరం లేదు.

పిల్లను చంకనేసుకొని, అత్త హన్మమ్మతో వాకిలి దాటుతుంటే పక్కింటి కుల్సుమ్‌బీ ఎదురైంది.

"గింత పరేషాన్‌గ ఏడికి సౌందర్యా?"

"వనపర్తికి. రిపోర్టు బాగలేదంట."

"యా అల్లా! గంత మంచిగ తినే పిల్లకా? మీ వాకిట్లనే ఆడే మా చిన్నది హుమేరాకు చెప్పు బుద్ధి, నాలుగు దినాల సంది ముద్ద ముట్టుత లేదు. పండ్లు మొలుస్తున్నయని మా అత్త అంటది. మీ లెక్క నెలకో డాక్టరంటే మాకు యాడికెల్లి వస్తడు? చీటీల పేరొచ్చే నసీబుండాలె."

సౌందర్య ఆటో ఎక్కింది.

దారంతా హన్మమ్మ నోరు ఆగలేదు. "నీ రాతలకే పిల్లకు దిష్టి తగిలింది. తొమ్మిదిల బడి బందు చేస్తేనే గింత రాస్తున్నవు, పది పాసైతే ఇంకేం రాస్తుంటివో!"

"జర ఊకో అత్తమ్మా."

"నేను ఊకుంట. నీ కాళ్లు ఊకుంటలేవు గద, ఆటో అంత ఊగుతుంది."

సుహాసిని మాత్రం డ్రైవరు హారను కొట్టినప్పుడల్లా తానూ కూత పెడుతోంది.

వనపర్తిలో డాక్టర్ సుదర్శన్ పిల్ల నాలుక చూశాడు, కళ్లు చూశాడు, కడుపు నొక్కాడు. పిల్ల ఆయన స్టెతస్కోపు పట్టుకొని గుంజింది.

"విరేచనాలు అవుతున్నాయా?"

"లేదు సార్. గట్టిగనే పోతది. ఒక్కోపారి రెండు దినాలకోసారి."

"జ్వరం?"

"లేదు."

ఆయన పుస్తకం తిప్పాడు. "జొన్నంబలి, పెసరపప్పు, తోటకూర, పెరుగు... ఇట్లా తినే పిల్ల పేగుల్లో మంచి సూక్ష్మజీవులు నిండుగా ఉండాలి. ఒంటికి కాపలా కాసేవి అవే. డబ్బాలో అవి లేనట్టే. చెడ్డవే ఉన్నాయి, రక్తం జాడ కూడా ఉంది. నిజం చెప్పమ్మా. ఇవన్నీ పెట్టినవా, ఊరికే రాసినవా?"

సౌందర్య కంటే ముందు హన్మమ్మ లేచింది. "నేను సాక్ష్యం సార్! నాకు పెట్టకున్నా దానికి పెడ్తది."

"బుక్కుల ఒక్క అబద్ధం లేదు సార్" అంది సౌందర్య నేల చూస్తూ.

"అయితే ఆలస్యం వద్దు. పైకి హుషారుగా ఉన్నా లోపల ముదిరి ఉండొచ్చు. చేర్చుకొని సెలైన్, మందు మొదలుపెడతాం."

నర్సు చెయ్యి పట్టుకోగానే సుహాసిని కెవ్వుమంది. సౌందర్య కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"సార్, మందు పడకపోతే ఏమైతది?"

"ఇంత చిన్న ప్రాణం కదా. ఒంట్లో నీరు తగ్గిపోతుంది, మగతలో పడిపోతారు. ఒక్కపూటలోనే చెయ్యి దాటొచ్చు."

"డబ్బా ఇచ్చింది బుధవారం. ఇయ్యాల శనివారం."

"అందుకేనమ్మా తొందర. ఇక్కడ సంతకం పెట్టు."

ఆమె పెన్ను పట్టుకుంది. కాగితం మీద పెట్టలేదు.

"పెట్టవేందే? బుక్కులకు బుక్కులు రాస్తవు, సంతకం రాదా?" అంది హన్మమ్మ.

సౌందర్య పెన్ను బల్ల మీద పడేసి ఫోన్ తీసింది. యమునక్క నంబరు నొక్కింది.

"చెప్పు సౌందర్యా, ఎట్లుంది పిల్లకు?"

డాక్టరు, నర్సు, అత్త ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. వాళ్లు వినకుండా చెప్పడానికి అక్కడ చాటు లేదు.

"అక్కా, ఉరుకు, జర హుమేరాను చూడు, బుధవారం నేనిచ్చింది దానిది."