ఏడుపోళ్ళ సంబంధం

ఇలా నా పక్కకొచ్చి కూర్చోండి, మా లోరెదానా పెళ్ళి తప్పిపోబోయి నిలిచిన సంగతి చెబుతాను. ఇటలీలో మా రేవూరు కియోజ్జాలో సగం ఊరి ఇంటిపేరు బోస్కోలోనే. ఎవరు ఏ బోస్కోలోలో తెలియడానికి ఇంటింటికీ ఒక ఎగతాళి పేరు తగిలించి, దాన్ని సర్కారు కాగితాల్లో కూడా రాస్తారు.

పెళ్ళికొడుకు నేవియో వాళ్ళ పేరు ‘ఏడుపోళ్ళు’.

"రేపు బడిలో నా పిల్లల్ని ఏడుపోళ్ళని పిలుస్తారు. నాకీ పెళ్ళొద్దు నానమ్మా!" అంది నా మనవరాలు, పెళ్ళి మాటలకి మా ఇంటికొచ్చిన వాళ్ళ మొహం మీదే.

నేవియో తల్లి దెల్ఫీనా నవ్వేసింది. "మా మామగారి తాత, కూతుర్ని అత్తారింటికి పడవెక్కించి రేవంతా వినేలా ఏడ్చాడే పిల్లా. అప్పుడొచ్చిందీ పేరు."

"అత్తారిల్లు అంత దూరమా?"

"కాలవకి అవతలి గట్టు."

అందరం పడీపడీ నవ్వాం. కిటికీ దగ్గర వల బాగుచేస్తున్న మా అబ్బాయి, అదే లోరెదానా తండ్రి, మాత్రం తలెత్తలేదు.

"నాన్నా, ఏడుస్తున్నావా?" అంది లోరెదానా.

"ఉల్లిపాయల ఘాటమ్మా."

"నేనింకా కొయ్యందే!" అన్నాను.

లోరెదానా తండ్రినే చూస్తూ ఉండిపోయింది. తరవాత నేవియో వైపు తిరిగింది. "మనకి కూతురు పుడితే నువ్వూ ఇలాగే ఏడుస్తావా?"

"ఏడుపు ఇప్పుడే వచ్చేట్టుంది," అన్నాడు వాడు.

"అయితే ముహూర్తం పెట్టించండి," అంది.

ఎగతాళి పేరు విని మూతి తిప్పేవాళ్ళు కనబడితే, మరిచిపోకుండా వాళ్ళకీ ముక్క చెప్పండర్రా.