వెండి పట్టించిన గుడ్డ

శివలీల కోడుమూరు నేతగాళ్ల పిల్ల. కర్నూలులో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తోంది. తండ్రి తిమ్మయ్య నేసిన నూలుగుడ్డకు కంటికి ఆననంత సన్నని వెండి రేణువులు పట్టించి, అవి ఎంతమేర క్రిములను చంపుతాయో చూడడమే ఆమె పరిశోధన.

ఆ రాత్రి తొమ్మిదికి ల్యాబులో ఒంటరిగా, క్రిములను పెంచిన గాజుపళ్లేలు తీసి చూసింది. గుడ్డముక్క చుట్టూ గోరంత మేర క్రిములు చావాలి. పళ్లెమంతా చచ్చాయి. గుడ్డ పెట్టని పళ్లేల్లోనూ ఒక్కటి మిగల్లేదు.

బయట కీచురాళ్లు అరవడం లేదని అప్పుడు గమనించింది. కిటికీ గట్టు మీద బల్లి వెల్లకిలా పడి ఉంది.

భయంతో వాచ్‌మన్ ఏసన్నకు ఫోన్ చేసింది. కింద గేటు దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

ఆమెకు కొత్త గుడ్డ తెచ్చిన తిమ్మయ్య ఆ రాత్రికి కర్నూలు పక్కనే కల్లూరులో చుట్టాలింట్లో ఉన్నాడు. ఆయనకు చేసింది.

"ఏమ్మా, ఇంగా ల్యాబులోనే ఉండావా?"

"నాయనా, ఆడ కుక్కలు మొరుగుతాండాయా?"

"శానాసేపట్నుంచి ఒగటే మొరుగుడు. ఎందుకమ్మా?"

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"ఉండు," అన్నాడు తిమ్మయ్య. "ఇప్పుడే అన్నీ ఒగేసారి నిలిపేసినాయి."